సీపీ ఉన్న బిడ్డకు ఆయా కావాలి: వరంగల్, హన్మకొండ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా బిడ్డకు 11 ఏళ్లు. పుట్టినప్పుడు ఊపిరి అందక మెదడుకు దెబ్బ తగిలింది. ఏడాది దాటినా మెడ నిలవకపోతే అప్పుడు చెప్పారు, సెరిబ్రల్ పాల్సీ (సీపీ) అని. రెండు కాళ్లు, రెండు చేతులు బిగుసుకుని ఉంటాయి. మాట రాదు. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలకు పోతాం. ఇన్నేళ్లలో మా ఇంటికి నలుగురు ఆయమ్మలు వచ్చారు. ఫిజియోథెరపీకి తీసుకెళ్లి వరండాలో కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒక కొత్త తల్లి పక్కకొచ్చి మెల్లగా అడుగుతుంది: "అక్కా, మీ పాపను పొద్దంతా ఎవరు చూస్తరు?" అక్కడ నాకు ఎదురైన ప్రశ్నలూ, నేను చెప్పే జవాబులూ ఇవి.

ఇలాంటి పిల్లల్ని చూసుకోవడంలో శిక్షణ ఉన్న మనిషి మన దగ్గర దొరుకుతుందా?

దొరికితే అదృష్టమే. ఆ అదృష్టం కోసం ఎదురుచూస్తూ మాత్రం కూర్చోకండి. నేను ఏడు నెలలు అలాగే కూర్చున్నాను. హైదరాబాద్ ఏజెన్సీలకు ఫోన్ చేస్తే వాళ్లు పంపేది మంచం పట్టిన పెద్దవాళ్లను చూసుకునే మనుషుల్ని. డైపర్ మార్చడం, మంచం మీద పక్కకు తిప్పడం వాళ్లకు వచ్చు. కానీ ఎదిగే పిల్లను ఒడిలో కూర్చోబెట్టుకుని, దాంతో ఆడుతూ, అన్నం తినిపించడం వేరే పని.

అందుకే ఎవరడిగినా ఒకటే చెబుతాను. పని వచ్చిన మనిషిని వెతకకండి, మీ బిడ్డతో మాట్లాడే మనిషిని వెతకండి. పని మీరు నేర్పగలరు. ఏ కోర్సులోనూ మీ బిడ్డ గురించి ఉండదు, అది మీకే తెలుసు. నేర్పడానికి నెల పడుతుంది. ఆ నెల మీరు గానీ, మీ అత్తగారో అమ్మగారో గానీ పక్కనే ఉండాలి. సెలవు పెట్టాల్సి వస్తే పెట్టండి.

ఎక్కడ వెతకాలి?

"ఆయా కావలెను" అని గోడకు కాగితం అంటిస్తే వచ్చేవాళ్లు గిన్నెలు తోమే పని అనుకుని వస్తారు. మాకు పనికొచ్చింది నోటి మాటే. అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేసినవాళ్లు, ఆస్పత్రి వార్డుల్లో పని చేసి రాత్రి డ్యూటీలు చేతకాక ఇంటి దగ్గరుంటున్నవాళ్లు, ప్రత్యేక పాఠశాలల్లో సహాయకులుగా ఉన్నవాళ్లు, వీళ్లకు కొంత అలవాటు ఉంటుంది. మీ మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉంటే, అక్కడ ఆ పిల్లలకు చదువు చెప్పే ఐఈఆర్పీ టీచర్‌ను అడగండి. వాళ్లు ఇల్లిల్లూ తిరుగుతారు కాబట్టి ఏ ఊళ్లో ఎవరికి పని అవసరమో తెలుస్తుంది. ఫిజియోథెరపిస్టును, హన్మకొండలో మల్లికాంబ మనోవికాస కేంద్రం లాంటి ప్రత్యేక బడుల్లో పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లుల్ని కూడా అడగండి. మా రెండో ఆయమ్మ అలాగే దొరికింది. ఆమె అక్క కొడుక్కి సీపీ. ఆ బాబును ఎత్తి పెంచిన చేతులవి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. మన వైపు ఆడవాళ్లు పత్తి ఏరేటప్పుడు, ఆ తర్వాత మిర్చి ఏరేటప్పుడు దొరకరు. మిర్చి కూలీ బాగా గిట్టుబాటయ్యే రోజుల్లో ఎవరినీ ఇంట్లో కూర్చుని పిల్లను చూసుకొమ్మని అడగలేం, అడగడం న్యాయం కూడా కాదు. వానలు మొదలవకముందే, ఎండాకాలంలో వెతకండి. అప్పుడు పొలం పని తక్కువ, పైగా బడికి సెలవులుంటే మీకూ నేర్పడానికి తీరిక ఉంటుంది.

దూరమని వదులుకోకండి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. ఇప్పుడు మా ఇంటికి వచ్చే ఆయమ్మ ధర్మసాగర్ వైపు నుంచి వస్తుంది. ముందైతే బస్సు చార్జీల దగ్గరే మాట ఆగిపోయేది.

ఇంట్లో నాయనమ్మ ఉంది కదా, బయటి మనిషి ఎందుకు అంటున్నారు మా వాళ్లు.

బిడ్డకు మూడేళ్లప్పుడు మా అత్తమ్మే చూసుకుంది. ఇప్పుడు బిడ్డ 24 కిలోలు. బిగుసుకున్న ఒళ్లు ఇంకా బరువనిపిస్తుంది. ఒకరోజు బాత్రూం గడప దగ్గర అత్తమ్మ నడుం పట్టేసి, బిడ్డను పట్టుకునే కింద కూర్చుండిపోయింది. బిడ్డను వదల్లేదు. ఆ రోజు నుంచి నేను వాదించడం మానేసి మనిషిని వెతికాను.

పెద్దావిడ ఇంట్లో ఉండటం మాత్రం పెద్ద బలం. ఎత్తే పని ఆయమ్మది, గమనించే కన్ను నాయనమ్మది. ఆయమ్మ ముందు అత్తమ్మను తక్కువ చేసి మాట్లాడకండి, అత్తమ్మ ముందు ఆయమ్మనూ తక్కువ చేయకండి. ఇద్దరిలో ఎవరు నొచ్చుకున్నా ఆ ముభావం బిడ్డ మీద పడుతుంది.

వచ్చిన మనిషికి బిడ్డ గురించి ఏమని చెప్పాలి?

దాచకుండా, మామూలు మాటల్లో చెప్పండి. నేను ఇలా చెబుతాను: "కాళ్లు చేతుల్లో దోషం లేదు. వాటిని నడిపించే మెదడుకు పుట్టినప్పుడు దెబ్బ తగిలింది. ఆ దెబ్బ పెరగదు, కానీ పోదు. అంటుకునే జబ్బు కాదు. నా బిడ్డకు అన్నీ అర్థమైతయ్, చెప్పరాదు, అంతే."

గ్రహణం చూశారా, ఎవరైనా చేతబడి చేశారా అని అడుగుతారు. కోపం తెచ్చుకోకండి, ఊళ్లో విన్నదే అడుగుతారు. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఏడవకపోవడం, పచ్చకామెర్లు బాగా ముదరడం, పసితనంలో మెదడు జ్వరం, ఇలాంటివి కారణాలని చెప్పండి. కొందరు పిల్లలకు ఒళ్లు బిగుసుకుంటుంది, కొందరికి చేతులు వాటంతటవే మెలికలు తిరుగుతాయి, కొందరికి ఒక పక్కే ఉంటుంది. మీ బిడ్డది ఏ రకమో అది చెబితే చాలు.

మాట రాని బిడ్డ 'అవును', 'వద్దు' ఎలా చెబుతుందో మొదటి రోజే చూపించండి. మా బిడ్డ కళ్లు పైకెత్తితే అవును. మూతి బిగిస్తే వద్దు. ఇది తెలియని మనిషి చేతిలో నా బిడ్డ రోజంతా చెబుతూనే ఉంటుంది, వినేవాళ్లే ఉండరు.

మాట్లాడటానికి వచ్చినప్పుడు ఏం గమనించాలి?

లోపలికి రాగానే ఎవరిని పలకరించిందో చూడండి. ఇప్పటి ఆయమ్మ నాతో జీతం మాట కంటే ముందు, కుర్చీలో ఉన్న బిడ్డ దగ్గర కింద కూర్చుని "ఏం బిడ్డా, పేరేంది నీది?" అని అడిగింది. జవాబు రాదని తెలిసీ కాసేపు ఆగింది. అలా ఆగడం నేర్పితే వచ్చేది కాదు. 'అయ్యో పాపం' అని కళ్ల నీళ్లు పెట్టుకున్నవాళ్లు మా ఇంట్లో ఇద్దరూ నిలవలేదు. చొంగ తుడవమని గుడ్డ ఇచ్చి చూడండి. ముఖం చిట్లించుకుంటే ఆ పని ఆమెది కాదు, అంతమాత్రాన ఆమె చెడ్డదీ కాదు. చాయ్ ఇచ్చి పంపండి.

ఎత్తడం ఎలా నేర్పాలి? ఆయా ఎత్తితే బిడ్డ ఇంకా బిగుసుకుపోతోంది.

ఎక్కువ ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే. పడుకున్న బిడ్డను చంకల కింద చేతులు పెట్టి ఒక్క ఊపున నిటారుగా లేపుతారు. అప్పుడు తల వెనక్కి పడుతుంది, వీపు విల్లులా వంగుతుంది, కాళ్లు కత్తెరలా అడ్డం పడతాయి. బిడ్డ మొండి చేస్తోందని అనుకుంటారు. అది మొండితనం కాదు, ఒంటికి ఉలికిపాటు.

ముందు చెప్పాలి: "లేపుతున్న బిడ్డా." చప్పుడు చేయకుండా, తొందర పడకుండా పక్కకు ఒత్తిగిలించాలి. మోకాళ్లు మడవాలి, చేతులు రెండూ ముందుకు తేవాలి. ఒక చెయ్యి భుజాల వెనక, ఇంకో చెయ్యి మోకాళ్ల కింద పెట్టి, ముడుచుకుని కూర్చున్నట్టుగా దగ్గరికి లాక్కుని లేవాలి. ఆయమ్మ తన నడుం వంచకూడదు, తన మోకాళ్లు వంచాలి. చిన్న పిల్లలైతే మన పాత పద్ధతే మంచిది. చంకనెత్తుకుని కాళ్లు నడుముకు ఇటొకటి అటొకటి వేయించండి. ఆ కూర్చోవడం తుంటికి మేలు. బిడ్డ బరువు పెరిగాక ఇద్దరు ఎత్తాలి. ఒక్కరే ఎత్తాల్సిన పరిస్థితి ఉంటే ఆ పనిని మీరు ఇంట్లో ఉన్న సమయానికి మార్చండి.

కత్తెర పడ్డ కాళ్లను పాదాలు పట్టి లాగి విడదీయకూడదు. మోకాళ్లు మడిస్తే బిగువు సడలుతుంది, అప్పుడు తొడల దగ్గర నుంచి మెల్లగా విడదీయాలి. అంగీ తొడిగేటప్పుడు ఎక్కువ బిగువున్న చెయ్యి ముందు, విప్పేటప్పుడు అది చివర. స్నానానికి గోరువెచ్చని నీళ్లు. చన్నీళ్లు తగిలితే ఒళ్లు కర్ర అవుతుంది.

ఈ పని నోటితో చెబితే రాదు. నేను ఆయమ్మనే పడుకోబెట్టి, తప్పుగా ఒకసారి, ఒప్పుగా ఒకసారి లేపి చూపించాను. "అబ్బ, మెడ గుంజుకపోయింది" అంది మొదటిసారి. ఆ తర్వాత నేను గుర్తు చేయాల్సిన పని పడలేదు.

ఒకే భంగిమలో గంటల తరబడి ఉంచకూడదని, రెండు గంటలకోసారైనా మార్చాలని చెప్పండి. కాళ్లకు ఏఎఫ్ఓ బూట్లు (మడమ, పాదం సరిగా నిలిచేలా పట్టి ఉంచేవి) ఉంటే విప్పగానే చర్మం చూడాలి. ఎర్రటి మచ్చ 20 నిమిషాల్లో పోకపోతే ఆ రోజు మళ్లీ వేయకుండా మీకు చెప్పాలి.

అన్నం తినిపించేటప్పుడు పొలమారుతోంది. ఏం నేర్పాలి?

మన పెద్దవాళ్లు పసిపిల్లను చాచిన కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోస్తారు. మింగడం సరిగా రాని బిడ్డకు అది ప్రమాదం. తల వెనక్కి వాలి ఉన్నప్పుడు పోసింది పొట్టలోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. మాటిమాటికీ నిమోనియా వస్తోందంటే ముందు అన్నం పెట్టే తీరే చూడాలి. ఈ మాట మాకు ఐదేళ్లు ఆలస్యంగా తెలిసింది. మూడుసార్లు ఆస్పత్రిలో చేర్చాక ఒక థెరపిస్టు అడిగింది, "పడుకోబెట్టి తినిపిస్తున్నరా?" అని.

నిటారుగా కూర్చోబెట్టాలి, నడుము, వీపు, పాదాలు మూడింటికీ ఆనుడు ఉండాలి. గడ్డం కొంచెం కిందికి. తినిపించే మనిషి నిలబడకూడదు. ఎదురుగా, బిడ్డ కళ్లకు సమానంగా కూర్చోవాలి. నిలబడి పెడితే బిడ్డ తల పైకెత్తుతుంది, మళ్లీ అదే ప్రమాదం. చిన్న చెంచా, సగం నిండా. మింగిందాకా రెండో ముద్ద వద్దు. నీళ్లలాంటివి గొంతులో తొందరగా జారిపోతాయి కాబట్టి చాలామంది పిల్లలకు చిక్కటివే తేలిక: రాగి జావ, మెత్తగా కలిపిన పప్పన్నం, పెసరపప్పు కిచిడీ. ఎంత చిక్కగా ఉండాలో మీ థెరపిస్టును అడిగి, ఆ చిక్కదనం ఆయమ్మకు గిన్నెలో చూపించండి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు.

దగ్గు వస్తేనే పొలమారినట్టు కాదు. తిన్నాక గొంతు గరగరలాడినా, కళ్లలో నీళ్లు తిరిగినా, ముఖం రంగు మారినా ఆపేయాలి. మా ఇంట్లో ఒక పూట తిండికి 45 నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో ఆయమ్మకు ఇంకో పని చెప్పను. 'గబగబా పెట్టేసి బట్టలు ఆరేయి' అన్న రోజు ఏదైనా జరిగితే ఆ తప్పు ఆయమ్మది కాదు, నాది.

ఫిట్స్ వస్తే ఆయా భయపడి పారిపోతుందేమో.

సీపీ ఉన్న పిల్లల్లో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఫిట్స్ ఉంటాయి. ముందే చెప్పకపోతే నిజంగానే భయపడుతుంది. మొదటి వారమే చెప్పి, ఫిట్స్ ఎలా ఉంటుందో మీ ఫోన్‌లో వీడియో ఉంటే చూపించండి.

పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టాలి. గట్టిగా అదిమి పట్టుకోకూడదు. నోట్లో చెంచా, వేలు, నీళ్లు, ఏదీ పెట్టకూడదు. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం మన దగ్గర బాగా అలవాటు. వాటితో ఫిట్స్ ఆగదు, ఉన్న సమయం వాటి వెతుకులాటకే పోతుంది. గోడ గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకోటి వచ్చినా 108కి ఫోన్ చేయాలి, తర్వాత మీకు. ముందు మీకు చేసి మీరు ఎత్తే దాకా ఆగకూడదు. డాక్టర్ ముక్కులో కొట్టే మందు రాసిచ్చి ఉంటే అది ఎక్కడుందో, ఎప్పుడు వాడాలో డాక్టర్‌తోనే ఆమెకు చెప్పించండి.

మేము వంటింటి తలుపు మీద పెద్ద అక్షరాలతో ఇంటి చిరునామా, దగ్గరి గుర్తు, బిడ్డ బరువు, వాడే మందుల పేర్లు రాసి అంటించాం. గాబరాలో సొంత ఇంటి నంబరు కూడా గుర్తుకు రాదు.

మందులు ఆయా వేయవచ్చా?

వేయవచ్చు, కానీ మోతాదు మీరే పొద్దున తీసి డబ్బాలో పెట్టండి. ఫిట్స్ మందు, బిగువు తగ్గే బాక్లోఫెన్ లాంటివి ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. మందు అయిపోవడానికి వారం ముందే తెచ్చిపెట్టుకోండి.

ఎక్సర్‌సైజులు కూడా చేయించమంటే?

థెరపిస్టు చూపించినవే, ఆయమ్మ చేస్తుంటే థెరపిస్టు ఒకసారి చూశాకే. బలవంతంగా సాగదీసే వాటి జోలికి పోవద్దు. నూనె మర్దన గట్టిగా చేస్తే కాళ్లు వస్తాయని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

జీతం ఎంత ఇవ్వాలి?

అంట్లు తోమే పనితో పోల్చకండి. ఆమె వదిలి వచ్చే కూలీ ఎంతో లెక్క వేసి, దానిపైన ఇవ్వండి. మేము పొద్దున 9 నుంచి సాయంత్రం 5:30 దాకా నెలకు 12,000 ఇస్తున్నాం, మధ్యాహ్నం భోజనం మాతోనే. ఇంటి పని చెప్పం. బిడ్డ పని చేస్తూ ఇల్లు ఊడవమంటే రెండింట్లో ఒకటి చెడుతుంది, చెడేది బిడ్డ పనే. ఆదివారం సెలవు. నెల మొదటి తారీఖునే జీతం. ఈ ఖర్చు అందరూ పెట్టుకోలేరని తెలుసు. పక్క వీధిలో సీపీ ఉన్న ఇంకో బిడ్డ ఉంటే, ఇద్దరు తల్లులు కలిసి ఒకే ఇంట్లో ఒక మనిషిని సగం రోజు చొప్పున పెట్టుకున్న ఇళ్లు నేను చూశాను. అది బాగానే నడిచింది.

సద్దుల బతుకమ్మకు, దసరాకు, రెండేళ్లకోసారి మేడారం జాతరకు సెలవు అడుగుతారు. అడగకముందే ఇవ్వండి. సమ్మక్క తల్లికి బంగారం (బెల్లం) ఎత్తుకెళ్లే మనిషిని ఆపి ఇంట్లో కూర్చోబెడితే ఏం లాభం? ఆ రోజులకు మీ సెలవు ముందే దాచుకోండి.

మాట రాని ఆడపిల్లను పరాయి మనిషి దగ్గర వదలడం ఎలా? గుండె ఆగుతోంది.

ఈ భయం ఉండాల్సిందే. నాకు ఇప్పటికీ ఉంది. స్నానం, బట్టలు మార్చడం ఆడమనిషే చేయాలి, ఆమె ఒక్కతే చేయాలి. ఆమె వెంట ఆమె కొడుకో, తమ్ముడో, ఎవరూ ఇంట్లోకి రాకూడదని మొదటి రోజే చెప్పండి. ఆధార్ కాపీ తీసుకోండి, ఆమె ఇంటికి ఒకసారి వెళ్లి చాయ్ తాగి రండి, పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇవ్వండి. మంచి మనిషి ఇందుకు నొచ్చుకోదు. కెమెరా పెడితే ఆమెకు చెప్పి పెట్టండి, బాత్రూంలో పెట్టకండి. చెప్పకుండా అప్పుడప్పుడు మధ్యాహ్నం ఇంటికి రండి.

కెమెరా కంటే ముందు బిడ్డనే చూడండి. ఆ మనిషి గొంతు వినగానే ముఖం వెలుగుతోందా, ముడుచుకుంటోందా? ఒంటి మీద గాట్లు, స్నానానికి కొత్తగా భయం, నిద్రలో ఉలికిపాటు కనిపిస్తే పరువు గురించి ఆలోచించకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయండి. పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం మాట రాని పిల్లలకు కూడా అంతే గట్టిగా వర్తిస్తుంది.

పదేళ్లు దాటిన ఆడపిల్లైతే నెలసరి గురించి కూడా ఆయమ్మతో ముందే మాట్లాడండి. మైల, అంటు లాంటి మాటలు బిడ్డ దగ్గర అనవద్దని చెప్పండి. బిడ్డకు వినిపిస్తుంది.

ప్రభుత్వం నుంచి ఆయా ఖర్చుకు ఏమైనా వస్తుందా?

ఆయా జీతానికని విడిగా మాకేమీ రాలేదు. వచ్చేవాటిని కలుపుకుంటే కొంత భారం తగ్గుతుంది. ముందు వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు (దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు) తీసుకోండి. అవి లేకుండా ఏ తలుపూ తెరుచుకోదు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలు అయింది, చిన్నపిల్లలకు కూడా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చు, అందులో థెరపీ కూడా. సీపీ చైర్ (సీపీ పిల్లలు కూర్చునే ప్రత్యేక కుర్చీ), వీల్‌చైర్ లాంటివి కేంద్ర ప్రభుత్వ కంపెనీ అలిమ్‌కో శిబిరాల్లో ఆదాయాన్ని బట్టి ఉచితంగా ఇస్తారు. నిజానికి ఆయమ్మ నడుమును కాపాడింది ఆ కుర్చీయే. బడికి వెళ్లలేని బిడ్డకు ఇంటికే వచ్చి చదువు చెప్పే ఏర్పాటు భవిత కేంద్రం ద్వారా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు.

పన్ను కట్టేవాళ్లు పాత పన్ను విధానంలో ఉంటే 75,000, వైకల్యం 80 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే 1,25,000 రూపాయల మినహాయింపు అడగవచ్చు. కాజీపేట రైల్వేలోనో పోస్టాఫీసులోనో కేంద్ర ఉద్యోగం చేసే తల్లులకు శిశు సంరక్షణ సెలవు మొత్తం సర్వీసులో 730 రోజులు, వైకల్యం ఉన్న బిడ్డ కోసమైతే బిడ్డ వయసుతో పని లేదు. మనిషికి పని నేర్పే ఆ మొదటి నెలకు దీన్ని వాడుకోండి.

ఇంత కష్టమైతే నేనే ఉద్యోగం మానేస్తే పోదా?

మానేసిన తల్లుల్ని నేను తప్పుపట్టను. కానీ ఎవరో అన్నారని మానేయకండి. ఈ బిడ్డల ఖర్చు ఏటేటా పెరుగుతుంది, మన ఒంట్లో శక్తి ఏటేటా తగ్గుతుంది. నేను సాయంత్రం ఇంటికి వచ్చి బిడ్డను ఒళ్లోకి తీసుకున్నప్పుడు నా చేతుల్లో ఇంకా ఓపిక ఉంటుంది. పొద్దంతా నేనొక్కదాన్నే ఎత్తిన ఏడు నెలల్లో అది ఉండేది కాదు. బిడ్డ మీద అరిచిన రోజులున్నాయి.

ఆయమ్మ మానేసింది. బిడ్డ తలుపు వైపే చూస్తోంది. ఏం చేయాలి?

చెప్పండి. మాట రాని బిడ్డకు చెప్పాల్సిన పని లేదనుకుంటాం. మా మూడో ఆయమ్మ కూతురి కాన్పుకని వెళ్లిపోయినప్పుడు నేను చెప్పలేదు. బిడ్డ 11 రోజులు సరిగా తినలేదు, గేటు చప్పుడైనప్పుడల్లా కళ్లు పైకెత్తేది. నాలుగో ఆయమ్మ వచ్చేటప్పటికి నాకు బుద్ధి వచ్చింది. వెళ్లేటప్పుడు కనీసం వారం ముందు చెప్పమని ఆమెను ముందే అడిగాను, చివరి రోజు బిడ్డతో కూర్చోబెట్టి ఆమెతోనే చెప్పిస్తాను, ఇద్దరి ఫోటో తీసి గోడకు పెడతాను.

ఒక నోటు పుస్తకం కూడా పెట్టాం. మాకు తెలిసినవి మేము రాస్తాం, ఆయమ్మ చెప్పినవి ఆమె మాటల్లోనే రాస్తాం. చదువు రాకపోతే కొత్తగా వచ్చిన మనిషికి మా ఆయన చదివి వినిపిస్తాడు. మొదటి పేజీలో మూడో ఆయమ్మ చెప్పింది ఉంది: "అన్నం తినకుంటే కోపం చెయ్యకు. కిటికీ కాడికి తీస్కపో. పిచ్చుకలొస్తయ్. అవి తింటుంటే చూసి తింటది."